తాళంచెవి ఇచ్చాక వచ్చే ముప్పై ఏళ్లు

మన దగ్గర పేదల ఇళ్ల గురించి ఎవరు మాట్లాడినా అంకెలతోనే మొదలుపెడతారు. ఎన్ని లక్షలు మంజూరయ్యాయి, ఎన్ని బేస్‌మెంట్ దాటాయి, ఎన్నిటికి స్లాబు పడింది, ఎన్ని గృహప్రవేశాలు జరిగాయి. అధికార పక్షం ఒక అంకె చెబుతుంది, ప్రతిపక్షం దాన్ని తప్పుబట్టి ఇంకో అంకె చెబుతుంది. పేపర్లు రెండూ వేస్తాయి. ఇరవై ఏళ్ల కిందట కట్టిన ఇళ్లు ఇవాళ ఎలా ఉన్నాయి, వాటిలో ఎవరుంటున్నారు, ఇంకో ఇరవై ఏళ్లు నిలబడాలంటే ఎంత ఖర్చవుతుంది అనే లెక్క మాత్రం ఎవరి నోటా వినబడదు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. పేదలకు ఇళ్లు కట్టే ప్రభుత్వ సంస్థలు కట్టిన ప్రతి ఇంటినీ పంచేసి పక్కకు తప్పుకునే పద్ధతి మానుకోవాలి. అన్నీ కాకపోయినా ఐదింట ఒక ఇంటినైనా తమ సొంత ఆస్తిగా ఉంచుకుని తక్కువ అద్దెకు ఇవ్వాలి. ఆ అద్దెలో కొంత మరమ్మతుల కోసం ఎవరూ తాకడానికి వీల్లేని ఖాతాలో పడాలి. చేతిలో ఒక్క ఇల్లు లేని సంస్థకు, నెలకు ఒక్క రూపాయి రాని సంస్థకు ముప్పై ఏళ్ల ప్రణాళిక రాయమంటే ఏం రాస్తుంది? వచ్చే బడ్జెట్ దాకా రాస్తుంది, లేదా వచ్చే ఎన్నికల దాకా రాస్తుంది.

నేను ఇంజనీరును కాను. విజయవాడలో అపార్ట్‌మెంట్ అసోసియేషన్లకు లెక్కలు రాయడం నా పని. పటమట, మొగల్రాజపురం, గుణదల, ఇటు సింగ్ నగర్ దాకా రకరకాల భవనాల ఖాతా పుస్తకాలు నా చేతి మీదుగా వెళ్తుంటాయి. భవనం వయసు ఆ పుస్తకంలో స్పష్టంగా తెలిసిపోతుంది. మొదటి నాలుగైదేళ్లు ఖర్చు పెద్దగా ఉండదు. వాచ్‌మన్ జీతం, కామన్ మీటర్ కరెంటు బిల్లు, ట్యాంకు కడిగించిన కూలి, అంతే. ఎనిమిదో ఏడో పదో ఏడో వచ్చేసరికి టెర్రస్ మీద వాటర్‌ఫ్రూఫింగ్ అనే పద్దు వస్తుంది. మోటారు రెండోసారి వైండింగ్‌కి వెళ్తుంది. పదిహేనో ఏట డ్రైనేజీ పైపులు, ఆ తర్వాత బయటి గోడల పగుళ్లు, ఇరవై ఐదు దాటితే పెచ్చులూడే శ్లాబులు. ఇందులో ఏ ఒక్కటీ అనుకోకుండా వచ్చే ఆపద కాదు. ఎప్పుడొస్తుందో అనుభవం ఉన్న ప్లంబరు ముందే చెప్పగలడు. అందుకే కాస్త ముందుచూపున్న అసోసియేషన్లు మొదటి ఏడాది నుంచే కార్పస్ ఫండ్ అని కొంత పక్కన వేస్తాయి. దాని మీద మీటింగుల్లో గంటల తరబడి గొడవపడతాయి కూడా. ఆ గొడవ మంచిదే. భవనం బాగోగులు చూసుకునేవాళ్లు ఉన్నారని దానివల్లే తెలుస్తుంది.

పేదల కాలనీలోనూ సిమెంటు అదే, ఇనుము అదే, కృష్ణా తీరపు ఉక్కపోతా అదే. నీరు కిందకే కారుతుంది, పైపు అన్నేళ్లకే తుప్పు పడుతుంది. అక్కడ లేనిదల్లా ఆ ఖాతా పుస్తకం.

ఊరికి ఉత్తరాన ఉన్న ఒక పాత కాలనీకి ఒకసారి వెళ్లాను. మూడంతస్తుల బ్లాకులు. అక్కడి కుర్రాళ్లు కొందరు సంఘం పెట్టుకుందామనుకుంటున్నారు, లెక్కలు ఎలా రాయాలో చెప్పమని పిలిచారు. కామన్ మీటరు బిల్లు కట్టక ఎప్పుడో కనెక్షన్ తీసేశారు. కనెక్షన్ పోయింది కాబట్టి సంపులోంచి పై ట్యాంకుకు నీళ్లు ఎక్కడం లేదు. ఉన్నవాళ్లు ఎవరికి వాళ్లు చిన్న మోటార్లు కొనుక్కుని మెట్ల కింద బిగించుకున్నారు. గోడ పొడుగునా ఒకటి నీలం పైపు, ఒకటి తెల్ల పైపు, ఒకటి తోటకు నీళ్లు పట్టే గొట్టం పైకి పాకి ఉన్నాయి. మోటారు కొనుక్కోలేని పై అంతస్తు ఆడవాళ్లు బిందెలు మోస్తున్నారు. వాళ్లలో ఒకావిడకు మోకాలు నొప్పి. మెట్టుకొక్కసారి ఆగి, గోడ పట్టుకుని ఎక్కుతోంది.

ఆ బ్లాకులో ఒక వంటింటి శ్లాబు నుంచి మురుగు నీళ్లు కారుతున్నాయి. పైఇంటి బాత్రూం పైపు పగిలింది. కిందింట్లో ఉన్నావిడ అద్దెకుంటోంది. ఆమెకు ఇల్లు ఇచ్చినాయన ఆ ఇంటిని నోటరీ కాగితం మీద కొనుక్కున్నాడు. అసలు లబ్ధిదారు ఎక్కడున్నాడో ఆయనకే తెలియదు. పైఇల్లు కూడా అంతే, రెండు చేతులు మారింది. పైపు మార్చడానికి ప్లంబరుకు పట్టేది ఒక్క పూట. ఎవరి అనుమతి అడగాలి, ఎవరు డబ్బు కట్టాలి అని తేల్చడానికి మాత్రం నెలలు సరిపోలేదు. "ఈ పైపు ఎవరిదో మీరైనా చెప్పండన్నయ్యా, వాళ్ల కాళ్లయినా పట్టుకుంటాను" అందావిడ. నేను కాగితాలన్నీ చూశాను. ఆమెకు చెప్పదగ్గ పేరు ఒక్కటీ దొరకలేదు. ఇల్లు ఇచ్చిన రోజునే ప్రభుత్వ సంస్థ ఆ పైపు నుంచి చేయి తీసేసింది. తీసుకున్నవాళ్లకు అది తమదని ఎవరూ చెప్పలేదు. అపార్ట్‌మెంట్ల కోసం మనకు 1987 నుంచే చట్టం ఉంది, ఉమ్మడి ఆస్తి అంటే ఏమిటో అందులో రాసి ఉంది. ఆ కాలనీలో ఆ మాట ఎవరి చెవినా వేసినవాళ్లు లేరు.

ఇది ఆ ఒక్క కాలనీ కథ అయితే ఇంత పొడుగు వ్యాసం రాయక్కర్లేదు. వెనక్కి వెళ్లి చూస్తే ఈ పద్ధతి ఎంత పాతదో తెలుస్తుంది. బలహీన వర్గాల ఇళ్ల కోసం రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ 1979లో ఏర్పడింది. కొంత సబ్సిడీ, కొంత అప్పు అన్నట్టుగా లక్షల ఇళ్లకు సాయం చేసింది. అప్పు అని రాసుకున్నారు గానీ, వసూలు చేసే యంత్రాంగం గట్టిగా పెట్టుకోలేదు. కట్టినవాళ్లు కట్టారు, చాలామంది ఇది కట్టాల్సిన అప్పేనని కూడా అనుకోలేదు. చివరికి 2021 డిసెంబరులో వన్ టైమ్ సెటిల్‌మెంట్ తెచ్చారు. 1983 నుంచి 2011 దాకా తీసుకున్న అప్పులకు పల్లెలో 10 వేలు, మున్సిపాలిటీలో 15 వేలు, కార్పొరేషన్లో 20 వేలు కడితే మాఫీ చేసి రిజిస్ట్రేషన్ చేస్తామన్నారు. కడదామా వద్దా అన్న టెన్షన్ మా వైపు ఇంటింటా నడిచింది. ఆ పథకం మంచిదా చెడ్డదా అన్న రాజకీయ వాదన పక్కన పెడదాం. లెక్కలు రాసేవాడిగా నాకు కనిపించేది ఇది: ఒక సంస్థ దాదాపు ముప్పై ఏళ్లపాటు ఇచ్చిన అప్పుల పుస్తకాన్ని ఒక్కసారిగా మూసేయడానికి సిద్ధపడింది. వసూలు కాని అప్పును ఆస్తి అని రాసుకుంటూ పోతే ఎప్పటికైనా జరిగేది అదే.

పట్టణాల్లో ఇంకో వరస నడిచింది. 2001లో మురికివాడల వాళ్ల కోసం వాంబే (వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజన) పథకం వచ్చింది, సింగ్ నగర్ అవతల ఆ పేరుతోనే కాలనీ నిలిచిపోయింది. 2005లో జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం అనే కేంద్ర పట్టణాభివృద్ధి పథకం వచ్చింది. ఆ తర్వాత రాజీవ్ ఆవాస్ యోజన, 2015లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన. పథకం మారినప్పుడల్లా మార్గదర్శకాలు మారాయి, ఇంజనీర్లు కొత్త పనికి వెళ్లిపోయారు, పాత కాలనీ ఫైలు బీరువాలోకి వెళ్లింది. కొత్త పథకంలో పాత కాలనీ పైపుకు పద్దు ఉండదు. కేంద్రం ఇచ్చే డబ్బు కొత్త యూనిట్‌కే వస్తుంది. అధికారుల పనితీరు కొలిచేది కూడా కొత్త యూనిట్లతోనే. ఈ ఏర్పాటులో ఎంత నిజాయితీ ఉన్న ఆఫీసరైనా పాత బ్లాకు టెర్రస్ గురించి ఎందుకు ఆలోచిస్తాడు?

ఇక టిడ్కో ఇళ్లు, అంటే టిడ్కో అనే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ పట్టణ పేదల కోసం కట్టిన అపార్ట్‌మెంట్లు. విజయవాడ వాళ్లకు జక్కంపూడి, గుంటూరు వాళ్లకు అడవి తక్కెళ్లపాడు అంటే ఇవే గుర్తొస్తాయి. 300, 365, 430 చదరపు అడుగులు, నాలుగంతస్తులు, షియర్ వాల్ పద్ధతిలో గోడా శ్లాబూ కలిపి పోసిన కాంక్రీటు. కట్టిన నాణ్యత గురించి నాకు పెద్దగా ఫిర్యాదు లేదు, చాలాచోట్ల చూడముచ్చటగానే ఉన్నాయి. నా భయమంతా ముందు ముందు గురించి. గొట్టాలు ఆ కాంక్రీటులోనే పాతేసి ఉంటే లీకైన చోట ఇటుక గోడను కొట్టినట్టు కొట్టి తీయలేం. మరమ్మతు ఖరీదైనది, తెలిసిన పనివాడు కావాలి, ఒక ఇంటివాళ్ల నిర్ణయంతో అయ్యేది కాదు. అంటే పాత కాలనీలకంటే వీటికే ఉమ్మడి నిధి, ఉమ్మడి బాధ్యత ఎక్కువ అవసరం.

ఆ ఇళ్ల చరిత్ర చూస్తే మార్కెట్ మారితే ఏమవుతుందో కూడా తెలుస్తుంది. 2014లో రాష్ట్రం విడిపోయింది. రాజధాని ఇక్కడే అన్నాక గుంటూరు, విజయవాడల మధ్య భూమి రేట్లు ఆకాశానికి వెళ్లాయి. 2016లో హైదరాబాద్ నుంచి సచివాలయ ఉద్యోగులు తరలి వచ్చాక అద్దెలూ పెరిగాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది, రేట్లు కిందపడ్డాయి, కొన్న స్థలాలు అమ్ముకోలేక చాలామంది ఇరుక్కున్నారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ పైకి. పదేళ్లలో ఇన్ని మలుపులు తిరిగిన మార్కెట్ దేశంలో తక్కువ చోట్ల ఉంటుంది. ఇదే కాలంలో ఇసుక విధానం కూడా మారుతూ వచ్చింది. 2016లో ఉచితం అన్నారు, 2019లో దాన్ని తీసేసి కొత్తది తెచ్చేలోగా ఇసుక దొరక్క తాపీ మేస్త్రీలు, కూలీలు నెలల తరబడి పనుల్లేక అల్లాడారు, 2024 జులైలో మళ్లీ ఉచితం అన్నారు.

ఈ మలుపుల మధ్య టిడ్కో ఇళ్లకు డీడీలు కట్టినవాళ్లు ఏళ్లకు ఏళ్లు ఎదురుచూశారు. 365 అడుగుల ఇంటికి 3 లక్షల 15 వేలు, 430 అడుగుల ఇంటికి 3 లక్షల 65 వేలు లబ్ధిదారు పేర బ్యాంకు అప్పు. ఇల్లు చేతికి రాకముందే వాయిదాల గురించి బ్యాంకు నుంచి ఫోన్లు వచ్చినవాళ్లు నాకు తెలుసు. అటు ఇంటి అద్దె కడుతూ ఇటు ఇంకా చూడని ఇంటికి అప్పు కట్టమంటే కూలి పని చేసుకునే మనిషి ఏం చేస్తాడు? ఇక్కడ రిస్కు అంతా ఎవరి నెత్తిన పడిందో చూడండి. ప్రభుత్వం మారినా, ఇసుక ఆగినా, కాంట్రాక్టరు బిల్లు రాక పని ఆపినా, నష్టం మోసింది అందరిలోకీ తక్కువ తట్టుకోగలిగినవాళ్లే. దీర్ఘకాలిక ప్రణాళిక అనే మాటకు నాకు తెలిసిన అర్థం ఇదే: అలాంటి దెబ్బను లబ్ధిదారు బదులు సంస్థ కాచుకోగలగడం.

అమరావతిలో పేదల ఇళ్ల కోసమని రాజధాని ప్లానులో చేర్చిన ఆర్-5 జోన్ సంగతి కూడా ఇదే కోవలోది. 2023 మేలో గుంటూరు, విజయవాడల పేదలు సుమారు 50 వేల మందికి అక్కడ పట్టాలిచ్చారు. ఆగస్టులో ఇళ్ల నిర్మాణం మీద హైకోర్టు స్టే ఇచ్చింది. ఎవరి వాదనలో న్యాయం ఎంతుందన్నది వేరే చర్చ. పట్టా పట్టుకుని ఫొటో దిగిన ఆడమనిషికి మాత్రం అద్దె ఇంటి నుంచి విముక్తి రాలేదు.

ఇంగ్లండులో ఈ పని ఎక్కువగా హౌసింగ్ అసోసియేషన్లనే లాభాపేక్ష లేని సంస్థలు చేస్తాయి. ఇళ్లు వాళ్ల సొంతం, ఆదాయం అద్దె, అప్పులు దశాబ్దాల పాటు తీర్చేవి. కాబట్టి ఆ సంస్థలు సాధారణంగా 30 ఏళ్ల ప్రణాళిక రాసుకుంటాయి. అక్కడా ప్రభుత్వాలు మాట తప్పాయి. 2015 ఏప్రిల్ నుంచి పదేళ్లపాటు ద్రవ్యోల్బణం మీద ఒక శాతం చొప్పున అద్దె పెంచుకోవచ్చని చెప్పి, ఏడాది తిరక్కుండానే 2016 ఏప్రిల్ నుంచి నాలుగేళ్లు ఏటా ఒక శాతం తగ్గించాలన్నారు. 2017 జూన్‌లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదంలో 72 మంది చనిపోయాక భవనాల అగ్నిభద్రత మీద ఎవరూ ఊహించని ఖర్చు వచ్చిపడింది. 2022లో ధరలు పది శాతం పెరిగితే, తర్వాతి ఏడాది అద్దె పెంపును ఏడు శాతం దగ్గర ఆపేశారు. అద్దెదారుల వైపు నుంచి చూస్తే అది సరైన పనే, సంస్థకు మాత్రం గండి. రోచ్‌డేల్‌లో బూజు పట్టిన ఫ్లాటులో ఉండి 2020లో రెండేళ్ల పిల్లవాడు అవాబ్ చనిపోయాడు. ఆ పిల్లవాడి పేరున చట్టం చేశారు. 2025 అక్టోబరు నుంచి ప్రమాదకరమైన చెమ్మ, బూజు ఉన్నాయని అద్దెదారు చెబితే సంస్థ గడువులోగా స్పందించి తీరాలి.

ఇన్ని దెబ్బలు తిన్నా ఆ సంస్థల్లో ఎక్కువ శాతం నిలబడే ఉన్నాయి. వాటి మీద ఉన్న నియంత్రణ సంస్థ ముందే ప్రశ్నలు వేస్తుంది. వడ్డీ పెరిగితే ఏం చేస్తారు, అద్దె ఆగిపోతే ఏం చేస్తారు, మరమ్మతు ఖర్చు రెట్టింపైతే ఏం అమ్ముతారు, ఏ పని వాయిదా వేస్తారు అని. రెండు మూడు దెబ్బలు ఒకేసారి తగిలితే సంస్థ ఎక్కడ విరుగుతుందో లెక్కేసి చూపించమంటుంది. ఏ ఇంటికి ఎప్పుడు ఏ మరమ్మతు రావాలో సర్వే చేసి పెట్టుకోమంటుంది. ఇదంతా పరిపూర్ణంగా జరుగుతోందని నేననను, జరిగితే ఆ పిల్లవాడు బతికే ఉండేవాడు. కానీ తప్పు జరిగినప్పుడు అడగడానికి ఒక యజమాని ఉన్నాడు. మన కాలనీలో పైపు పగిలిన ఇంటావిడకు ఆ యజమాని లేడు.

ఇళ్లు అట్టేపెట్టుకోవడం ఎందుకు ముఖ్యమో చెప్పడానికి జర్మనీలోని డ్రెస్డెన్ నగరం చాలు. 2006లో ఆ నగరం తన చేతిలో ఉన్న దాదాపు 48 వేల ఇళ్లనూ ఒక పెట్టుబడి సంస్థకు అమ్మేసి అప్పులన్నీ తీర్చేసింది. తర్వాత ఊరు పెరిగింది, అద్దెలు పెరిగాయి, తక్కువ ఆదాయం వాళ్లకు ఇవ్వడానికి నగరం చేతిలో ఇల్లు లేదు. 2017లో మళ్లీ కొత్త గృహసంస్థ పెట్టి మొదటి నుంచి మొదలుపెట్టింది. వియన్నా ఆ పని చేయలేదు. 1923లో ఇళ్ల కోసమే ప్రత్యేక పన్ను వేసి కట్టడం మొదలుపెట్టింది, 1934 నాటికి 60 వేలకు పైగా కట్టింది, మధ్యలో కొన్నేళ్లు కొత్తవి కట్టడం ఆపినా ఉన్నవాటిని అమ్ముకోలేదు. ఇవాళ ఆ నగరం చేతిలో సుమారు 2 లక్షల 20 వేల ఇళ్లున్నాయి. పాడి గేదెను ఇంట్లో ఉంచుకున్నవాడికీ, అమ్మి పండగ చేసుకున్నవాడికీ ఉన్న తేడా ఇది.

"సొంతిల్లు పేదవాడి కల, దాన్ని లాక్కుని అద్దె ఇల్లు ఇస్తానంటావా" అని నన్ను కొందరు మిత్రులు నిలదీశారు. ఇది గట్టి ప్రశ్న, దాటేయకూడదు. ఆడమనిషి పేరున పట్టా ఉండటం ఎంత బలమో నాకు తెలుసు. తాగొచ్చి ఇంట్లోంచి పొమ్మనే మొగుడి ముందు ఆ కాగితం ఆమెకు కాళ్ల కింద నేల. ఆ హక్కు తీసేయమని నేను అనడం లేదు. ఐదింట నాలుగు అలాగే ఇవ్వండి. కానీ గుంటూరు మిర్చి యార్డుకు సీజన్లో పల్లెల నుంచి వచ్చే హమాలీకి, కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసే ఆడవాళ్లకు, ఆటోనగర్‌లో పని నేర్చుకునే కుర్రాడికి, వన్ టౌన్ హోటల్లో వంట చేసే మనిషికి కావలసింది ఊరి చివర పట్టా కాదు, పని దగ్గర కొన్నేళ్లు ఉండటానికి ఒక గది. వాళ్లకు ఊళ్లో పెంకుటిల్లు ఉంటే మన జాబితాలో అర్హులే కారు. ఇవాళ వాళ్లంతా ఎక్కడుంటున్నారో రాత్రి పది తర్వాత కాలేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల షాపుల అరుగులు చూస్తే తెలుస్తుంది. కొండల మీద రాళ్ల కింద వేసుకున్న గదుల అద్దెలు చూసినా తెలుస్తుంది. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ విరిగిపడి ప్రాణాలు పోయాయి. ఆ మర్నాడే బుడమేరు వాగు పొంగింది.

బుడమేరు దగ్గర కాస్త ఆగాలి. దాన్ని బెజవాడ దుఃఖదాయని అంటారు, 2005లోనూ ఏడిపించింది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో గండ్లు పడి సింగ్ నగర్, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. పేదల కోసం ప్రభుత్వం తానే స్థలం ఎంచి కట్టిన కాలనీలూ వీటిలో ఉన్నాయి. చౌకగా దొరికిన భూమి చౌకగా ఎందుకు దొరికిందో స్థలం ఎంచినప్పుడు అడిగి ఉండాల్సింది. వరద తగ్గాక గ్రౌండ్ ఫ్లోర్ కుటుంబానికి 25 వేలు, పైఅంతస్తు వాళ్లకు 10 వేలు సాయం ఇచ్చారు. అవసరమైన సాయమే, ఎంతోమందిని నిలబెట్టింది. కానీ అది కుటుంబానికిచ్చింది. బురద పట్టిన సంపు, తడిసిన మీటర్ల బోర్డు, నానిన పునాది ఎవరి పద్దులో వేయాలి? ఆ ఇళ్లు ఒక సంస్థ ఆస్తిగా ఉండి ఉంటే వాటికి బీమా ఉండేది, వరద మట్టం ఎంతదాకా వచ్చిందో రికార్డు ఉండేది, తర్వాత కట్టే బ్లాకుకు కింద పార్కింగ్ వదిలి పైన ఇళ్లు కట్టాలన్న పాఠం ఆ సంస్థ సొంత నష్టం నుంచే వచ్చేది. నష్టం తనది కానప్పుడు పాఠం నేర్చుకోవడం ఏ సంస్థకైనా కష్టమే.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. ప్రభుత్వం అద్దె వసూలు చేయగలదా? ఎన్నికలు వస్తే మాఫీ అనరా? అంటారు, అన్నారు కూడా, పైన చెప్పిన అప్పుల కథే సాక్ష్యం. అందుకే అద్దె వసూలు నేరుగా ప్రభుత్వ శాఖ చేతిలో ఉండకూడదని నా అభిప్రాయం. మన రాష్ట్రంలో పొదుపు సంఘాల ఆడవాళ్లు వాయిదా తప్పకుండా అప్పు కట్టడంలో మంచి పేరు తెచ్చుకున్నారు. ఎందుకు కడతారంటే, ఆ డబ్బు ఎక్కడికి పోతోందో వాళ్ల కళ్ల ముందే ఉంటుంది. బ్లాకుకొక అద్దెదారుల సంఘం, దానికొక పుస్తకం, వసూలైన దానిలోంచి ముందు ఆ బ్లాకు పనులే జరగడం. మోటారు పాడైన రెండో రోజుకు బాగైతే అద్దె ఎగ్గొట్టాలని ఎవరికీ అనిపించదు. బాగు చేయని ఇంటికి అద్దె అడిగితే ఎవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

లెక్క వేసి చూద్దాం. ఒక బ్లాకులో 32 ఇళ్లు, ఇంటికి నెలకు 2,000 అద్దె అనుకుందాం. నెలకు 64 వేలు. ఇంటికి 500 చొప్పున మరమ్మతు నిధికి వేస్తే నెలకు 16 వేలు, ఏడాదికి లక్షా 92 వేలు, పదేళ్లకు వడ్డీ కాకుండానే 19 లక్షలు దాటుతుంది. టెర్రస్‌కు, పైపులకు, రంగులకు ఒక బ్లాకుకు అది మంచి మొత్తమే. మిగిలిన 48 వేలలో మోటారు కరెంటు, శుభ్రం చేసేవాళ్ల జీతం, ప్లంబరు, వసూలు చేసే మనిషి, ఖాళీగా ఉన్న ఇళ్ల లోటు అన్నీ సర్దుకోవచ్చు. ఇలాంటి ఇళ్లు వెయ్యి ఉంటే సంస్థకు ఏటా 2 కోట్ల 40 లక్షల ఆదాయం. కట్టిన ఖర్చు ఈ అద్దెతో రాదు, రానక్కర్లేదు. ఇవాళ కూడా కట్టే ఖర్చులో పెద్ద భాగం కేంద్రం, రాష్ట్రం గ్రాంటుగానే ఇస్తున్నాయి. అద్దె చేయవలసిన పని ఇంటిని బతికించడం.

డబ్బు చేరాక దాన్ని కాపాడటం ఇంకో పని. ప్రభుత్వ సంస్థల డబ్బు పీడీ ఖాతాల్లో, అంటే సర్కారు ఖజానాలోనే ఉండే ఖాతాల్లో పడితే అవసరానికి చేతికి వస్తుందన్న ధీమా ఎవరికీ లేదు. ప్రైవేటు బిల్డరు కొనుగోలుదారుల నుంచి తీసుకున్న డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉంచి ఆ ప్రాజెక్టుకే వాడాలని రెరా అనే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం 2016లోనే నిబంధన పెట్టింది. బిల్డరుకు వర్తించే క్రమశిక్షణ పేదల ఇళ్ల మరమ్మతు నిధికి ఎందుకు వర్తించకూడదు? ఆ నిధిని వేరే పనికి మళ్లించాలంటే శాసనసభలో చట్టం మార్చాల్సి వచ్చేలా రాయాలి. ఇది రాకపోతే మిగిలిన ప్రణాళిక ఏదీ నిలబడదని నా నమ్మకం.

మార్కెట్ విషయంలో కూడా సొంత ఇళ్లున్న సంస్థ వేరుగా నడుస్తుంది. అమరావతి పనులు ఊపందుకుంటే కూలీలు, మేస్త్రీలు వేలల్లో వస్తారు, సింగ్ నగర్‌లో ఒక గది అద్దె కూడా పెరుగుతుంది. అప్పుడు తక్కువ అద్దె ఇళ్లు చేతిలో ఉన్న సంస్థ ఆ వేడిని కాస్త చల్లార్చగలదు. రేట్లు పడిపోయినప్పుడు బిల్డర్ల దగ్గర అమ్ముడుపోని ఫ్లాట్లు, స్థలాలు తక్కువకు కొనుక్కోగలదు. 2020లో బెజవాడ చుట్టూ అలాంటి అవకాశం ఉంది, కొనడానికి డబ్బూ అధికారమూ ఉన్న సంస్థ లేదు. ఇప్పుడు రేట్లు పెరిగాక మళ్లీ ఊరికి దూరంగా భూమి వెతుక్కుంటున్నాం. ఆ దూరం పేదవాడికి రోజూ షేర్ ఆటో చార్జీ.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. కోవిడ్ సమయంలో వలస కూలీలు నడిచి ఇళ్లకు పోయిన తర్వాత, 2020 జులైలో కేంద్రం అద్దె ఇళ్ల పథకం ఒకటి తెచ్చింది. పట్టణాల్లో ఖాళీగా పడి ఉన్న జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం ఇళ్లను బాగు చేసి అద్దెకివ్వడం అందులో ఒక మార్గం. 2024లో ఆమోదం పొందిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ రెండో దశలో కోటి కుటుంబాల లక్ష్యం పెట్టుకున్నారు, అందులో అద్దె ఇళ్లకు ప్రత్యేక విభాగమే ఉంది. మన రాష్ట్రంలో చర్చ అంతా సెంటా, రెండు సెంట్లా అన్న చోటే తిరుగుతోంది. అద్దె ఇళ్ల విభాగం గురించి మాట్లాడే నాయకుణ్ని నేనింకా చూడలేదు.

మొదలుపెట్టడానికి పెద్ద ప్రకటన అక్కర్లేదు. ముందు వాంబే, జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం, టిడ్కో బ్లాకులన్నిటికీ ఒక రిజిస్టర్ కావాలి: కట్టిన ఏడాది, టెర్రస్ స్థితి, పైపులు, కామన్ మీటరు, ఇప్పుడు ఎవరుంటున్నారు. ఇంజనీరింగ్ కాలేజీల పిల్లల సాయం తీసుకుంటే ఈ ఊళ్లో అది ఏడాదిలో అయ్యే పని. ఉంటున్నవాళ్ల మీద కేసులు పెట్టడానికి ఆ రిజిస్టర్ వాడబోమని ముందే రాతపూర్వకంగా చెప్పాలి, లేకపోతే ఎవరూ తలుపు తీయరు. తర్వాత కేటాయింపు రద్దయిన ఇళ్లు, ఎవరూ చేరని ఇళ్లు ఎక్కడెక్కడ ఉంటే అక్కడ, జక్కంపూడిలో ఒక బ్లాకు, అడవి తక్కెళ్లపాడులో ఒక బ్లాకు అద్దెకు పెట్టి చూడాలి. మూడేళ్లు నడపాలి. వసూళ్లు, ఖర్చులు, నిధిలో నిల్వ ప్రతి నెలా వార్డు సచివాలయం బోర్డు మీద తెలుగులో అంటించాలి. ఆ పుస్తకంలో ఖర్చుల మొదటి పద్దు కామన్ మీటరు బిల్లు అవ్వాలి, జీతాలు ఆ తర్వాతే. బెజవాడలో, గుంటూరులో నాలాంటి లెక్కలు రాసేవాళ్లం చాలామందిమి ఉన్నాం. ఆ రెండు బ్లాకుల ఖాతాలు ఫీజు లేకుండా రాసిపెట్టడానికి నేను సిద్ధం. నాతోపాటు ఇంకో నలుగురైదుగురు వస్తామని మాటిచ్చారు.